వార్డుకు ముందు విజ్ఞానం: నర్సింగ్ విద్యలో సైన్సు పాఠాల చరిత్ర



సూరత్ జిల్లాలోని పల్సానా, ముంబై–అహ్మదాబాద్ జాతీయ రహదారిపై ఉన్న తాలూకా కేంద్రం. పల్సానా, కడోదరా పరిసరాలలో డైయింగ్, ప్రింటింగ్ మిల్లులు అనేకం ఉన్నాయి. మగ్గం మీద బతుకు సాగక కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి ఎన్నో పద్మశాలి కుటుంబాలు సూరత్‌కు వలస వచ్చాయి. సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అలాంటి బడిలో చదివిన అమ్మాయి నర్సు కావాలనుకుంటే పదకొండో తరగతిలో భాష మారుతుంది; భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలు మూడూ ఒకేసారి మీద పడతాయి. రోగి సేవకు ఇన్ని పాఠాలు ముందుగానే ఎందుకు? ఈ ప్రశ్నకు చరిత్రలో సమాధానం వెతుకుదాం.

గ్లాస్గోలో మొదలైన మార్పు

1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరున లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగ్ పాఠశాల ప్రారంభమైంది. అక్కడ శిక్షణ ప్రధానంగా వార్డులోనే. పగలంతా పని చేసి అలసిన అమ్మాయిలే పాఠాలు వినాలి. ఇంతలో వైద్యం వేగంగా మారిపోయింది. 1865–67 మధ్య గ్లాస్గో రాయల్ ఆసుపత్రిలో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు చీము పట్టకుండా కాపాడవచ్చని చూపాడు. ఇక నర్సు చేతుల శుభ్రత అలవాటుగా మాత్రమే కాక, శాస్త్రం తెలిసి చేయవలసిన పని అయింది.

అదే ఆసుపత్రిలో మేట్రన్ రెబెక్కా స్ట్రాంగ్ 1893లో ఒక కొత్త పద్ధతి ప్రవేశపెట్టింది. వార్డులో అడుగుపెట్టక ముందే శరీర నిర్మాణం, శరీర ధర్మాలు, ఆరోగ్య పరిరక్షణ నేర్పించాలన్నది ఆ పద్ధతి. 1901లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో అడిలైడ్ నటింగ్ ఆరు నెలల సన్నాహక శిక్షణ ప్రారంభించింది. ఇక్కడ ఒక విషయం గమనించండి. సైన్సును ముందుకు తెచ్చింది విద్యార్థినుల భారం పెంచడానికి కాదు. చదువును, వార్డు చాకిరీని విడదీసి భారం తగ్గించడానికే.

మన దేశంలో

1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక, మన దేశంలో సుమారు 43,000 మందికి ఒక్క నర్సు మాత్రమే ఉన్నదని తెలిపింది. అదే ఏడాది ఢిల్లీలోనూ, వెల్లూరులోనూ నర్సింగ్ డిగ్రీ చదువు ఆరంభమైంది. 1947లో భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. సన్నాహక పాఠాలలో కొంత భాగం క్రమంగా కళాశాల గడప దాటి పన్నెండో తరగతిలోకి చేరింది. బీఎస్సీ నర్సింగ్‌కు మూడు సైన్సులు, ఇంగ్లీషు తప్పనిసరి అయ్యాయి. భారం తగ్గించడానికి పుట్టిన ఏర్పాటు, సైన్సు బడి అందని పిల్లలకు మూసిన తలుపుగా మారింది.

అయినా ఆ పాఠాలు అనవసరమని అనలేం. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు భయం వ్యాపించి లక్షలాది మంది నగరం విడిచిపోయారు. ఊపిరితిత్తుల ప్లేగు రోగి దగ్గు తుంపరల ద్వారా సోకుతుందని, తొలి దశలోనే మందు అందితే నయమవుతుందని తెలిసిన నర్సు రోగినీ కాపాడగలదు, తననూ కాపాడుకోగలదు. తెలియని చోట భయమే రాజ్యమేలుతుంది.

భారం మోయడం ఎలా?

మూడు శాస్త్రాలను మూడు వేరు పుస్తకాలుగా కాక, ఒకే శరీరం గురించి మూడు మాటలుగా చదవండి. మూత్రపిండాన్ని తీసుకోండి. దాని నిర్మాణం జీవశాస్త్రం, లవణాల లెక్క రసాయన శాస్త్రం, రక్తాన్ని వడపోసే పీడనం భౌతిక శాస్త్రం. ఒక పాఠం చదివితే మూడింటికీ పునాది పడుతుంది.

ఇంట్లో ఉన్న విద్యను చిన్నచూపు చూడకండి. పాలిస్టర్ గుడ్డకు రంగు వేసేటప్పుడు నీటిలో కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం కలిపి పీహెచ్ సరిచూస్తారు. అది తప్పితే రంగు చెడుతుంది. మన రక్తం పీహెచ్ 7.35 నుండి 7.45 మధ్య ఉండాలి. అది తప్పితే ప్రాణానికే ముప్పు. మిల్లులో నాన్న చేసే పని, కూతురు చదివే పాఠం ఒకే సూత్రం మీద నడుస్తున్నాయి.

భాష మారేవారు ఒక నోటు పుస్తకంలో రోజూ అయిదు సాంకేతిక పదాలను తెలుగు అర్థంతో రాసుకోవాలి. అర్థం తెలుగులో నిలిస్తే, పేరు ఏ భాషలో ఉన్నా తడబాటు ఉండదు. గుజరాత్‌లో పదకొండో తరగతి సైన్సులో చేరేవారు జీవశాస్త్రం ఉన్న ‘బి’ గ్రూపు ఎంచుకోవాలని మరువకండి.

సైన్సు తీసుకోలేకపోయిన వారికీ దారి ఉంది. జీఎన్ఎం కోర్సుకు ఇతర గ్రూపుల వారూ అర్హులే. అది పూర్తిచేసి, నర్సుగా నమోదైన తరువాత రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదవవచ్చు. శరీర నిర్మాణం, సూక్ష్మజీవుల పాఠాలు ఆ దారిలోనూ ఉంటాయి. కాకపోతే కాస్త ఆలస్యంగా ఎదురవుతాయి. ప్రవేశ నియమాలను మాత్రం ఆ ఏటి ప్రకటనలోనే సరిచూసుకోండి.

1893 నాటి పాఠం నేటికీ ఒకటే: వార్డులోకి వెళ్ళేముందు నేర్చుకున్న ప్రతి అక్షరం రేపు మంచం మీది మనిషికి అండ. ఆ అక్షరం పల్సానా మిల్లు కార్మికుని కూతురికీ అందేలా చూడటం బడిది, తల్లిదండ్రులది, మనందరిదీ బాధ్యత.