చేతిమీద తేలిన సిరలు: ఒక చారిత్రక పరిశీలన



మీ చేతిని ఒక నిమిషంపాటు కిందికి వేలాడదీసి, అరచేతి వెనుకవైపు చూడండి. నీలిరంగు గీతలు ఉబ్బి కనిపిస్తాయి. అదే చేతిని తలకన్నా పైకి ఎత్తండి. కొద్ది క్షణాల్లో అవి అణగిపోతాయి. వాడుకలో వీటిని ‘నరాలు’ అంటాం. కాని ఇవి నాడులు కావు. శరీర భాగాల నుంచి రక్తాన్ని గుండెకు తిరిగి చేర్చే సిరలు. ఈ చిన్న విషయం తేలడానికి ఎన్నో శతాబ్దాలు పట్టింది. సిరలను తప్పుగా అర్థం చేసుకున్నప్పుడు సమాజానికి కీడు కూడా జరిగింది. ఆ రెండింటినీ ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ప్రాచీన వైద్యులు సిరలను శ్రద్ధగా గమనించారు. మన సుశ్రుత సంహిత శరీరంలో 700 సిరలున్నాయనీ, వాటిలో 98 గుచ్చరానివనీ చెబుతుంది. రక్తం తీసే ముందు అవయవాన్ని కట్టి, సిరను పైకి తేల్చే పద్ధతిని వివరిస్తుంది. పసిపిల్లలకు, వృద్ధులకు, గర్భిణులకు ఈ చికిత్స చేయరాదని హెచ్చరిస్తుంది. అయితే సిరలన్నిటికీ మూలం నాభి అని ఆ గ్రంథం భావించింది. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు వైద్యుడు గేలెన్ సిరలకు మూలం కాలేయం అన్నాడు. ఆహారం నుంచి అక్కడ తయారైన రక్తం సిరల గుండా అవయవాలకు పోయి, అక్కడే ఖర్చయిపోతుందని ఆయన బోధించాడు. ఐరోపా ఈ మాటను దాదాపు 1400 ఏళ్లు నమ్మింది.

1603లో ఇటలీలోని పాదువా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఫాబ్రీషియస్ సిరల లోపలి కవాటాల గురించి ఒక గ్రంథం ప్రచురించాడు. రక్తమంతా చేతులకూ కాళ్లకూ ఒక్కసారిగా దిగిపోకుండా అవి అడ్డుకుంటాయని అనుకున్నాడు. కళ్లెదుట కవాటం ఉన్నా, పాత సిద్ధాంతం ఆయన చూపుకు అడ్డుపడింది. ఆయన శిష్యుడు, ఇంగ్లండుకు చెందిన విలియం హార్వే మాత్రం మరో ప్రశ్న వేసుకున్నాడు: ఈ తలుపులు ఎటువైపు తెరుచుకుంటున్నాయి?

హార్వే మనిషి చేతిని మోచేతికి పైన గుడ్డతో కట్టి, ఉబ్బిన సిరలను పరిశీలించాడు. మీరు చేతికి ఏమీ కట్టనవసరం లేదు. ముంజేతిమీద ఒక సిరను వేలితో నొక్కి పట్టండి. రెండో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు రక్తాన్ని తోయండి. కవాటం దాటాక రెండో వేలు తీసినా, మధ్య భాగం ఖాళీగానే ఉంటుంది. మొదటి వేలు తీయగానే సిర మళ్లీ నిండుతుంది. అంటే రక్తం వేళ్ల వైపు నుంచి గుండె వైపుకే పోతోంది!

హార్వే లెక్క కూడా కట్టాడు. గుండె ఒక్కో స్పందనలో అర ఔన్సు రక్తాన్నే పంపినా, అరగంటలో వెయ్యి స్పందనలకు 500 ఔన్సులు, అంటే సుమారు 14 కిలోలు అవుతుంది. అంత రక్తం శరీరంలోనే లేదు. కాబట్టి ఉన్న రక్తమే తిరుగుతూ ఉండాలి. 1628లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వెలువడిన ఆయన గ్రంథంలో ఈ చేతి బొమ్మలు ఉన్నాయి. ధమనులను, సిరలను కలిపే కేశనాళికలను మాత్రం ఆయన చూడలేకపోయాడు. ఆయన మరణించిన నాలుగేళ్లకు, 1661లో, మాల్పీజీ కప్ప ఊపిరితిత్తుల్లో సూక్ష్మదర్శినితో వాటిని చూపించాడు.

ఇక రెండో కథ. స్పెయిన్‌లోని కాస్టీల్ ప్రాంతపు ప్రభు కుటుంబాలు తమది ‘నీలిరక్తం’ అని చెప్పుకునేవి. ఎండలో పనిచేయని తెల్లని చర్మం కింద సిరలు నీలంగా కనిపించడమే దీనికి ఆధారం. మూర్లతో, యూదులతో తాము కలవలేదన్న గర్వం ఆ మాటలో ఉంది. 1449లో టోలెడో నగరంలో, క్రైస్తవం స్వీకరించిన యూదుల వంశీయులకు పదవులు నిరాకరిస్తూ శాసనం చేశారు. ‘రక్తశుద్ధి’ పేరుతో ఇలాంటి కట్టడులు తరువాత మరెన్నో సంస్థలకు పాకాయి.

నిజానికి సిరలోని రక్తం ముదురు ఎరుపు. చర్మంపై పడిన కాంతిలో ఎరుపు భాగం లోతుకు పోయి, సిరలోని రక్తంలో ఎక్కువగా ఇంకిపోతుంది. చుట్టూ ఉన్న చర్మంతో పోల్చినప్పుడు ఆ చోటు మన కంటికి నీలంగా తోస్తుంది. అంతే!

సిరలు తేలడానికి కారణాలు కూడా సాధారణమైనవే. ఎండవేడికి సిరలు వ్యాకోచిస్తాయి. బరువులెత్తినప్పుడు ఉబ్బిన కండరాలు వాటిని పైకి నెడతాయి. ఒళ్లు సన్నబడినా, వయసుతో చర్మం పలచబడినా అవి స్పష్టంగా కనిపిస్తాయి. శ్రామికుల చేతులపైనా, అమ్మమ్మల చేతులపైనా వాటిని చూస్తూనే ఉంటాం. ఇది సాధారణంగా జబ్బు కాదు. కాని ఒక సిర నొప్పితో, ఎరుపుతో గట్టిపడినా, ఒక చేయి హఠాత్తుగా వాచినా వైద్యునికి చూపించాలి.

1901లో లాండ్‌స్టైనర్ రక్తవర్గాలను వివరించాడు. ఆ వర్గాలకూ కులానికీ, మతానికీ, హోదాకూ సంబంధం లేదు. రక్తం ఎక్కించేముందు వైద్యులు చూసేది వర్గం సరిపోయిందా, వ్యాధులు లేవా అన్నదే. మన దేశంలోనూ పుట్టుకతో మనిషిని తూచే అలవాటు ఇంకా పోలేదు. అలాంటి మాట విన్నప్పుడు హార్వే వేసినట్టే ఒక ప్రశ్న వేయండి: దీన్ని ఎవరైనా పరీక్షించి చూశారా?