తాత లెక్క పుస్తకం, మన పాత ఇల్లు

ధర్మపురిలోని మన పాత ఇంటిని బాగుచేయాలని ఈ ఏడు అన్నదమ్ములం, అక్క కలిసి కూర్చున్నాము. మేస్త్రి చెప్పిన మొత్తం మేము పోగుచేసిన దుడ్డుకు ఒకటిన్నర రెట్లు. ఆ రాత్రి అక్క ట్రంకుపెట్టె తెరిచి తాత లెక్క పుస్తకం బయటికి తీసింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అనే సామెత మన తెలుగులోనూ ఉంది, ఈ ఊరి తమిళంలోనూ ఉంది. తాత రెండూ చేసి, అప్పు లేకుండా కన్ను మూసినాడు. ఎట్లా అన్నది ఆ పుస్తకంలోనే ఉంది.

తాత ఇల్లు కట్టే నాటికి ధర్మపురి ఇంకా సేలం జిల్లాలోనే ఉండింది. 1965 అక్టోబరు 2న వేరే జిల్లా అయింది. ఈ బారామహల్ సీమలో రాతికి కరువు లేదు. అందుకే పునాదికి, స్తంభాలకు రాయి, గోడలకు ఎర్రమట్టి. పూతకు సున్నం గానుగలో నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపినారు. పొద్దున పోయిన ఎద్దులబండి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలో దొరికినవే అన్నీ. దూరం నుంచి కొన్నది ముఖ్యంగా మంగళూరు పెంకు. 1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టినాక అది దక్షిణదేశమంతా పాకింది.

పుస్తకంలో ప్రతి ఏడాది చివర ఒకే మాట: "చేతిలో మిగిలినది". వేరుశనగ అమ్మిన దుడ్డుతో ఒక ఏడు పునాది, మరుసటి ఏడు గోడలు, ఆపైన పెంకు. వాన రాని ఏడాది పేజీలో రాసింది ఇంతే: "ఈ ఏడు పని లేదు."

నాయన కాలానికి కాంక్రీటు మిద్దె మోజు వచ్చింది. అప్పుడు సిమెంటు ప్రభుత్వ కంట్రోలులో ఉండింది, పర్మిట్ కావాలి. 1982 ఫిబ్రవరిలో గాని ఆ కట్టు కొంత సడలలేదు, పూర్తిగా తొలగింది 1989లో. నాయన 1980లోనే, సిమెంటు చేతికి రాకముందే వంటింటి గోడ పడగొట్టించినాడు. పని నిలిచింది, కూలి నిలవలేదు. నడుమ మెట్లు ఇటు కాదు అటు అని మార్చినారు. చివరికి మామిడితోపు తాకట్టు పడింది, తిరిగి రాలేదు. నాయన లెక్కల్లో "చేతిలో మిగిలినది" అనే వరుస లేదు. తప్పంతా ఆయనది కాదు, కాలం అట్లాంటిది. కాని అదే కాలంలో కేరళలో లారీ బేకర్, దగ్గర దొరికే ఇటుకనే నడుమ ఖాళీ ఉండేట్టు నిలబెట్టి పేర్చి, సుమారు నాలుగో వంతు ఇటుక మిగిలించి ఇండ్లు కట్టినాడు.

రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒకటి తెలిసింది. ఇంటి లెక్కను ముంచేది ధర ఒక్కటే కాదు, గోడ పడగొట్టినాక మార్చుకునే మనసు.

అందుకే మాడి మీద గది కావాలన్న తమ్ముడు దాన్ని వదులుకున్నాడు. వానలకు ముందు పైకప్పు, వచ్చే ఏడు వంటిల్లు. పదో వంతు దుడ్డు ముట్టేది లేదు. తాత పుస్తకంలో ఇంకా ఖాళీ పేజీలు ఉన్నాయి. అక్క మొదటి పేజీ కింద ముందే ఆ వరుస గీసి పెట్టింది.

మీ ఇండ్లలో ఇట్లాంటి పుస్తకం ఉంటే పారేయకండి, ఒకసారి తెరవండి.