చేతికి తెలిసే చక్రం

రెండేళ్ళకోసారి ఇండియా వెళ్ళొచ్చే మనకి విమానం నేల తాకగానే సామాన్ల ధ్యాసే. ఆ క్షణం వెనుక ఒక చిన్న మీట కథ ఉంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్ బి-17 బాంబర్లు కొన్ని క్షేమంగా దిగి, రన్‌వే మీద ఉండగానే పొట్ట మీద కూలబడేవి. రెక్కల వెనుకనుండే ఫ్లాప్స్ ముడవబోయి పైలట్లు చక్రాలు ముడిచేసేవారు. తప్పంతా పైలట్లదే అన్నారు. ఒహాయోలోని రైట్ ఫీల్డ్‌లో పనిచేసే ఆల్ఫాన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త 1943లో కాక్‌పిట్ చూశాడు. రెండు మీటలూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి! సి-47లో అవి వేరువేరుగా ఉండేవి. అక్కడ ఈ బెడద కనబడలేదు. ఆయన ఒక మీటకి చిన్న రబ్బరు చక్రం, రెండోదానికి ఫ్లాప్ ఆకారపు ముక్క తగిలించాడు. ఇక చీకట్లోనైనా తేడా చేతికే తెలుస్తుంది.

1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ 460 "పైలట్ పొరపాట్లు" పరిశీలిస్తే, దాదాపు సగం ఒక మీటకి బదులు మరొకటి కదపడం వల్లే జరిగాయని తేలింది.

ఆ ఆకారాలు నేడు అమెరికా విమాన నిబంధనల్లోనే ఉన్నాయి. రంగులకీ అంతే కట్టుబాటు. ఎరుపంటే వెంటనే చెయ్యి చేసుకోవలసిన ప్రమాదం; అంబర్ అంటే ముందు గమనించు, తర్వాత సరిచెయ్యి. ఆ రెండు రంగులనీ ఇతర పనులకి విచ్చలవిడిగా వాడనివ్వరు. అన్నీ ఎర్రగా వెలిగితే ఏదీ హెచ్చరిక కాదు కదా!

పైలట్లు మారలేదు, మీట మారింది. మన పిల్లలు పొరపాటు చేస్తే "బుద్ధి లేదా?" అనేముందు, వాళ్ళ చేతికి మనమిచ్చిన మీట ఎలాంటిదో చూద్దాం.