కారు ఎత్తు తగ్గింపు - చక్రాల అమరిక

కారు ఎత్తు తగ్గింపు అనగా పొట్టి స్ప్రింగులు గాని, ఎత్తు సవరించుకొనే వీలున్న కాయిలోవర్లు గాని అమర్చి కారు బాడీని నేలకు దగ్గరగా దించడం. దీనివలన గరిమనాభి కిందికి వచ్చి, మలుపులలో కారు ఒరగడం తగ్గుతుంది. అయితే చాలామంది అందం కోసమే ఈ మార్పు చేయిస్తారు. బాడీ దిగినపుడు చక్రాలను పట్టి ఉంచే ఆర్మ్‌ల కోణాలు మారి, తయారీదారు నిర్ణయించిన చక్రాల అమరిక (వీల్ అలైన్‌మెంట్) చెదిరిపోతుంది. దానిని సరిచేయకపోతే టైర్లు త్వరగా అరుగుతాయి.

మారే కోణాలు

ముందు నుండి చూసినపుడు చక్రం నిలువు రేఖ నుండి వాలే కోణాన్ని క్యాంబర్ అంటారు. చక్రం పైభాగం లోపలికి వాలితే అది ఋణ క్యాంబర్. పై నుండి చూసినపుడు ఒకే ఇరుసు చక్రాల ముందు అంచులు దగ్గరైతే టో-ఇన్ అని, ఎడమైతే టో-అవుట్ అని వ్యవహరిస్తారు. మూడవదైన క్యాస్టర్ వలన టైర్లకు కలిగే అరుగుదల స్వల్పం.

ఎంత మార్పు వస్తుందనేది సస్పెన్షన్ రకంపై ఆధారపడి ఉంటుంది. 1988-2000 మధ్య తయారైన హోండా సివిక్ కార్లలో ముందు, వెనుక డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ ఉండేది. దానిలో పై ఆర్మ్ పొట్టిది కనుక, బాడీ దిగేకొద్దీ ఋణ క్యాంబర్ పెరుగుతుంది. మెక్‌ఫర్సన్ స్ట్రట్ రకంలో మొదట కొంత పెరిగి, కింది ఆర్మ్ ఒక హద్దు దాటి పైకి లేచాక తిరిగి తగ్గనారంభిస్తుంది. రెండు వెనుక చక్రాలను కలిపే దృఢమైన ఇరుసు ఉన్న వాహనాలలో వెనుక క్యాంబర్ దాదాపు మారదు.

స్టీరింగ్ టై రాడ్ కదిలే చాపం, ఆర్మ్ కదిలే చాపం ఒకటి కావు. అందువలన ఎత్తు మారితే టో కూడా మారుతుంది.

టైర్ల అరుగుదల

లోపలి అంచు అరిగితే నింద సాధారణంగా క్యాంబర్ మీద పడుతుంది. నిజానికి ఎక్కువ నష్టం చేసేది టో. ఒక చక్రం ప్రయాణ దిశకు 0.5 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటే, ప్రతి కిలోమీటరుకు సుమారు 9 మీటర్ల మేర టైరు పక్కకు ఈడ్చినట్లవుతుంది. ఋణ క్యాంబర్ ఆ రాపిడిని లోపలి అంచుపై కేంద్రీకరిస్తుంది. టో సరిగా ఉంటే ఒక మోస్తరు ఋణ క్యాంబర్‌తో టైరు చాలాకాలం మన్నుతుంది.

క్యాంబర్ వలన కలిగే అరుగుదల నున్నగా, ఒక పక్కకే ఉంటుంది. టో వలన కలిగేది రంపపు పళ్ళ వలె ఉంటుంది. ట్రెడ్‌పై అరచేతిని అడ్డంగా రాస్తే ఒక వైపు నున్నగా, వ్యతిరేక దిశలో గరుకుగా తగులుతుంది.

ఇందులోని ప్రమాదం అది కనిపించకపోవడమే. నిలిపిన కారును బయటి నుండి చూస్తే ట్రెడ్ గాడులు బాగానే ఉన్నట్లు తోస్తాయి; అదే సమయంలో లోపలి అంచున ఉక్కు తీగలు బయటపడి ఉండవచ్చు. అటువంటి టైరు వేగంలో పగిలిపోయే అవకాశం ఉంది. కనుక స్టీరింగ్‌ను పూర్తిగా తిప్పి లోపలి అంచును చూడాలి. వెనుక టైర్లకైతే కారును పైకి ఎత్తవలసిందే. గాడులలో ఉండే అరుగుదల గుర్తులు సాధారణంగా 1.6 మి.మీ. ఎత్తున ఉంటాయి.

సవరణ

కొత్త స్ప్రింగులు కుదురుకొనే వరకు కొద్ది రోజులు నడిపి, ఆపై అలైన్‌మెంట్ చేయించాలి. అంతకుముందే ఆర్మ్‌ల బోల్టులను వదులుచేసి, కారు బరువు చక్రాలపై ఉండగా తిరిగి బిగించాలి. లేనిచో రబ్బరు బుష్‌లు మెలితిరిగి త్వరగా పాడవుతాయి. క్యాంబర్‌ను కదిలిస్తే టో మారుతుంది కనుక టోను చివరన సరిచేస్తారు. పైన చెప్పిన సివిక్ కార్లలో క్యాంబర్ సవరణకు కర్మాగారం ఏర్పాటు లేదు. అందుకు విడిగా క్యాంబర్ కిట్ అమర్చుకోవాలి. టోను మాత్రం సవరించవచ్చు. తక్కువ ఖర్చుతో ఎక్కువ టైరును కాపాడేది ఇదే.

భారతదేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనంలో మార్పులు చేయడాన్ని నియంత్రిస్తుంది.