గుల్ల, మందు, గుండు: చేతితో నింపే చిన్న తూటా కథ

తుపాకి చాలా కాలం మన్నుతుంది. నూనె రాసి, తుప్పు పట్టకుండా చూసుకుంటే తాత వాడిన పిస్తోలు మనవడి చేతిలో కూడా పేలుతుంది. తూటా సంగతి అలా కాదు. ఒక్కసారి పేలితే దాని పని అయిపోయినట్టే. అందుకని తుపాకి ఎవరి చేతిలో ఉందన్నది చరిత్రలో సగం ప్రశ్న మాత్రమే. దానికి తూటా ఎవరు చేస్తారన్నది మిగతా సగం. మన పుస్తకాలలో మొదటి సగం గురించి బోలెడు కథలున్నాయి. రెండో సగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళు ఈ రెండో సగాన్ని రోజూ చూస్తూనే ఉంటారు, కాని గుర్తుపట్టరు. పక్కింటి గరాజ్‌లో బల్లకి బిగించిన చిన్న మర, పక్కన తక్కెడ, సీసాల నిండా ఇత్తడి గుల్లలు ఉంటే అది "రీలోడింగ్" చేసుకునే ఇల్లన్నమాట. పేలిన గుల్లని శుభ్రం చేసి మళ్ళీ నింపుకోవడం ఈ దేశంలో చేపలు పట్టడంలాంటి కాలక్షేపం. అదే పని ఇండియాలో లైసెన్సు లేకుండా చేస్తే నేరం. ఈ తేడా ఎక్కడ మొదలయిందో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. జేబులో పట్టే పిస్తోలుకి సరిపడే చిన్న తూటాని ఉదాహరణగా తీసుకుంటాను. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నిజానికి ఒకప్పుడు తుపాకులన్నీ చేతితో నింపినవే. మన అడవి ప్రాంతాలలో నాటు తుపాకిని "బర్మార్" అంటారు. భర్, మార్ - నింపు, కొట్టు. గొట్టం మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు వేసి, కడ్డీతో దట్టించి, వెనక రాగి టోపీ తగిలిస్తే సిద్ధం. మందులో ఉండేవి పెట్లుప్పు, గంధకం, బొగ్గు. దీపావళి మతాబులకి మందు నూరిన చేతులకి ఇవేమీ కొత్త కావు.

సైనికులకి మాత్రం అంత తీరిక ఉండదు. వాళ్ళ కోసం మందునీ గుండునీ కలిపి కాగితంలో చుట్టి ఇచ్చేవారు. ఆ కాగితాన్ని పంటితో కొరికి చింపాలి. 1857లో ఆ కాగితానికి రాసిన కొవ్వు ఆవుదా, పందిదా అన్న అనుమానం ఎంత దూరం వెళ్ళిందో అందరికీ తెలుసు. తక్కువమందికి తెలిసినది ఇంకొకటుంది. ఆ ఏడు జనవరిలోనే కంపెనీ ప్రభుత్వం కొంచెం దిగివచ్చి, ఇకమీదట కొవ్వు రాయని తూటాలు ఇస్తాం, మీకు నచ్చినది మీరే రాసుకోండి అంది. అప్పటికే ఆలస్యమయిపోయింది. ఎవరో కనబడని చేతులు చేసిన తూటాని నమ్మాలా వద్దా అన్న ప్రశ్న అప్పటికే బారకులలో పాకిపోయింది.

ఆ తరవాత పదేళ్ళలోనే కాగితం పోయి లోహం వచ్చింది. ఇప్పుడు మనం తూటా అనేదానిలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే టోపీ (దీన్నే ఇప్పుడు ప్రైమర్ అంటున్నారు), లోపల మందు, మూతి దగ్గర గుండు. పేలినప్పుడు మందు కాలిపోతుంది, టోపీ చచ్చిపోతుంది, గుండు ఎగిరిపోతుంది. ఖరీదయిన ఇత్తడి గుల్ల మాత్రం మిగులుతుంది. దాన్ని మళ్ళీ నింపుకోవచ్చా లేదా అన్నది టోపీని ఎలా అమర్చారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇక్కడొక తమాషా ఉంది. 1866లో ఈ టోపీకి రెండు రూపాలు వచ్చాయి. ఒకటి ఇంగ్లండులో వూలిచ్ ఆయుధశాల అధికారి ఎడ్వర్డ్ బాక్సర్‌ది, రెండోది అమెరికా అంతర్యుద్ధంలో గురిగాళ్ళ దళాన్ని నడిపిన హైరమ్ బెర్డన్‌ది. బాక్సర్ పద్ధతిలో గుల్ల అడుగున మధ్యగా ఒకటే చిల్లు ఉంటుంది. పై నుంచి సన్నని కడ్డీ దించి పొడిస్తే పాత టోపీ ఊడి వస్తుంది. బెర్డన్ పద్ధతిలో మధ్యన చిన్న దిమ్మ, దానికి అటూ ఇటూ సన్నని చిల్లులు ఉంటాయి, కడ్డీ దిగదు. చివరికి ఏమయిందంటే ఇంగ్లీషువాడి టోపీ అమెరికాలో స్థిరపడింది, అమెరికావాడి టోపీ యూరప్‌లో స్థిరపడింది. పుట్టిన ఊళ్ళో కన్నా వలస వెళ్ళిన చోట రాణించడం మనుషులకే కాదు, వస్తువులకీ ఉన్నదే. అమెరికాలో ఇంటింటా తూటాలు నింపుకోవడం కుదిరిందంటే ఆ మధ్య చిల్లు చలవ కొంత ఉంది.

మిగతా చలవ అవసరానిది. 1870లలో పశ్చిమ మైదానాల్లో అడవిదున్నల్ని వేటాడేవాళ్ళకి కొట్టు వందల మైళ్ళ దూరంలో ఉండేది. గుల్లలు ఏరుకుని, రాత్రి గుడారం దగ్గర సీసం కరిగించి అచ్చుల్లో పోసి, మర్నాటికి తూటాలు నింపుకునేవారు. 1884లో కనెటికట్ రాష్ట్రంలో న్యూహేవెన్ ఊళ్ళో జాన్ బార్లో "ఐడియల్" అన్న పేరుతో పట్టుకారు లాంటి పనిముట్టు తయారు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. ఈ పని మొత్తం ఒక్క చేతి పట్టులో ఇమిడిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో కర్మాగారాల సరుకంతా సైన్యానికి పోతున్న రోజుల్లో, 1943లో, కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ ఆర్‌సీబీఎస్ సంస్థని మొదలుపెట్టాడు. యుద్ధం ముగిశాక, 1949లో, నెబ్రాస్కాలో జాయిస్ హోర్నడీ గుండ్ల కంపెనీ పెట్టాడు. 1968లో వచ్చిన తుపాకుల చట్టం అమ్మకానికి తూటాలు చేసేవాడు ఫెడరల్ లైసెన్సు తీసుకోవాలంది. సొంతానికి నింపుకునేవాడి జోలికి మాత్రం పోలేదు.

ఇప్పుడు జేబు పిస్తోలు దగ్గరికి వద్దాం. యూటా రాష్ట్రంలో ఆగ్డెన్ ఊరివాడయిన జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన 32 బోరు తూటా 1899లో బెల్జియం నుంచి బజారులోకి వచ్చింది. మరికొన్నేళ్ళకి ఇంకా చిన్నది, 25 బోరు, వచ్చింది. ఇవి ఎంత చిన్నవో మన కొలతల్లో చెబుతాను. తూటా బరువులన్నీ గ్రెయిన్లలో చెబుతారు. ఈ గ్రెయిన్ మనకి పరాయిది కాదు; కంపెనీవాళ్ళు 1833లో తులం అంటే 180 గ్రెయిన్లని ఖాయం చేశారు. 32 బోరు గుండు 71 గ్రెయిన్లు, అంటే అరతులం కూడా లేదు. 25 బోరు గుండు 50 గ్రెయిన్లు. అందులో పట్టే మందయితే కంసాలి తక్కెడలో ఒక గురివింద గింజకి అటూ ఇటూగా తూగుతుంది.

అందుకే చిన్న తూటా నింపడం తేలిక అనుకుంటే పొరపాటు. పెద్ద రైఫిలు తూటాలో నాలుగు పలుకులు ఎక్కువ తక్కువయితే అంతగా తేడా రాదు. గురివింద గింజంత మందులో అదే తేడా వస్తే అది పెద్ద వంతు. పైగా బ్రౌనింగ్ చిన్న పిస్తోళ్ళలో తూటాని గదిలో బిగించి ఉంచే గడియ అంటూ ఏదీ లేదు. పై తొడుగు బరువు, స్ప్రింగు బలం - ఈ రెండే దాన్ని ఆపుతాయి. మందు తగ్గితే తొడుగు పూర్తిగా వెనక్కి పోదు. ఇంకా తగ్గితే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది, అది చూసుకోకుండా రెండోది పేలిస్తే గొట్టమే పగలవచ్చు. పరధ్యానంలో రెండుసార్లు మందు పోస్తే చెప్పనే అక్కరలేదు. ఇక పేలిన గుల్ల గడ్డిలో పడితే చెవికమ్మ శీల వెతుక్కున్నట్టే. డబ్బు ఆదా కోసం 25 బోరు నింపేవాళ్ళు తక్కువ. కొట్లో దొరకనప్పుడు, పాత పిస్తోలు మూలన పడిపోకూడదనుకున్నప్పుడు నింపుతారు. 2008లోను, 2012-13లోను, మళ్ళీ 2020లోను అమెరికా కొట్లలో తూటాల అరలు ఖాళీ అయినప్పుడు ఈ బల్లలన్నీ మళ్ళీ దుమ్ము దులుపుకున్నాయి.

ఇదంతా సముద్రానికి ఇవతలి కథ. అవతల ఏం జరిగింది?

1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడు లైసెన్సు లేకుండా తుపాకి పట్టుకోకూడదంది. ఆ చట్టంలో "తూటా సామగ్రి" అన్న మాటకి ఇచ్చిన అర్థం చూడండి. టోపీలు, తూటాలోని ప్రతి భాగం, తూటాలు చేసే యంత్రాలు అన్నీ అందులోకి వస్తాయి. సీసం, గంధకం, పెట్లుప్పు మాత్రం రావు! (అవసరమయితే వాటిని కూడా కట్టడి చేసే అధికారం విడిగా అట్టేపెట్టుకున్నారు.) అంటే బర్మార్ కాలపు సరుకులని చూసీ చూడనట్టు వదిలి, కొత్త తూటా దారిని మాత్రం రెండు వైపులా మూసేశారన్నమాట. ఆ చట్టం రాసినవాడికి మొదట్లో నేను చెప్పిన రెండో సగం బాగా తెలుసు.

దీని ఫలితం మన పోరాటాల చరిత్ర నిండా కనిపిస్తుంది. 1914 ఆగస్టులో కలకత్తాలో రోడా కంపెనీ సరుకుని విప్లవకారులు మాయం చేసినప్పుడు దొరికిన మౌజర్ పిస్తోళ్ళు 50, తూటాలు 46,000. ఆ రెండో అంకె వల్లనే ఆ దోపిడీకి అంత పేరు వచ్చింది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడింది తుపాకులతో పాటు తూటాల కోసం కూడా. తుపాకి ఒకటే చేతికొస్తే అది ఉత్త కర్ర. 1930 ఏప్రిల్ 18న చిట్టగాంగులో సూర్య సేన్ మనుషులు ఆయుధాగారాన్ని పట్టుకున్నారు, తుపాకులు దొరికాయి; వాటి తూటాలు ఎక్కడ దాచారో మాత్రం దొరకలేదు. అన్ని నెలల పథకం అక్కడ కుంటుపడింది.

1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్స్ హత్యలో భగత్ సింగ్ వాడినది 32 బోరు కోల్ట్ పిస్తోలు. 1931 ఫిబ్రవరి 27న అలహాబాదు ఆల్ఫ్రెడ్ పార్కులో చంద్రశేఖర్ ఆజాద్ చేతిలో ఉన్నది కూడా కోల్ట్ పిస్తోలే. ఇప్పుడది అలహాబాదు మ్యూజియంలో ఉంది. ఆఖరి తూటాని తన కోసం ఉంచుకున్నాడని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఆ కథలో ధైర్యాన్ని అందరం చూశాం. అందులో లెక్క కూడా ఉంది. ఒక్కొక్క తూటా లెక్కపెట్టుకోవలసిన మనిషి కథ అది.

ఆ కోల్ట్ పిస్తోళ్ళు కనెటికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్‌లో తయారయ్యేవి. బార్లో పనిముట్టు పుట్టిన న్యూహేవెన్ అక్కడికి నలభై మైళ్ళు. ఒకే రాష్ట్రంలో పుట్టిన రెండు వస్తువులలో పిస్తోలు చాటుమాటుగానయినా సముద్రం దాటగలిగింది. తూటాని మళ్ళీ నింపుకునే వసతి - ఆ పట్టుకారు, టోపీలు, మందు, వాటిని అడిగిన వెంటనే ఇచ్చే కొట్టు - దాటలేదు. కొలరాడోలో రైతుకి ఉన్న ఆ వసతి లాహోరులో విప్లవకారుడికి లేదు.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది కాని తూటాల మీద పట్టు సడలలేదు. ఇప్పటికీ ఇండియాలో తూటాలు చేయడానికి లైసెన్సు కావాలి. తుపాకి ఉన్నవాడు ఎన్ని తూటాలు కొనవచ్చో కూడా లైసెన్సులోనే ఉంటుంది. ఇది వలసపాలన వాసన అని కొందరంటారు. అమెరికా వార్తలు చూశాక అదే మంచిదయిందని ఇంకొందరంటారు. నేను రెండో పక్షం వైపే మొగ్గుతాను. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మన తాతలకి ఆ కట్టడి వాళ్ళ మేలు కోరి పెట్టినది కాదు. అదే కట్టడిని మనం మన ఓట్లతో ఉంచుకున్నాం. చూడడానికి రెండూ ఒకటే తాళం, తాళం చెవి మాత్రం చేతులు మారింది.

ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలు ఆ బల్లలున్న ఇళ్ళకి ఆడుకోవడానికి వెళతారు. వెళ్ళే ముందు తుపాకీ, మందూ తాళం వేసి ఉన్నాయా అని అడగడంలో మొహమాటం అక్కరలేదు. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోమని చెప్పడంలోనూ అక్కరలేదు. జాగ్రత్తగా నింపేవాళ్ళు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు. గురివింద గింజంత తేడాతో ఏమవుతుందో అందరికన్నా బాగా తెలిసినది వాళ్ళకే. అడిగిన తరవాత, పిల్లలు వింటానంటే, తూటాల కోసం చిట్టగాంగు కుర్రాళ్ళు ఒక రాత్రి ఎంత వెతికారో కూడా చెప్పండి.