కోతలకు దిగువకు పోయిన దారి

కోతల కాలం ఎప్పుడు మొదలవుతుందని దిగువ రైతును అడిగితే, చేను పండినప్పుడు అంటాడు. మా గూడెంలో ముసలివాళ్లను అడిగితే వేరే మాట చెబుతారు. శ్రావణమాసంలో, గాదెలో గింజలు అడుగంటి, పోడు చేను ఇంకా పచ్చగా ఉన్న రోజుల్లో మేస్త్రి గూడెంలో అడుగుపెట్టేవాడు. వాళ్ల లెక్కలో ఆ రోజే కోతల కాలం మొదలు. అతను చేతిలో పెట్టే బయానాతో ఆ పూట పొయ్యి వెలిగేది. నాలుగు నెలల తర్వాత కోయబోయే వరికి కూలి అప్పుడే సగం తినేసేవాళ్లం.

డెల్టా వరికి కొండల్లో మనుషులు ఎందుకు కావలసి వచ్చారు? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలువలకు నీళ్లు ఒకేసారి వదిలితే నాట్లు ఒకేసారి పడతాయి, కోతలూ ఒకేసారి మీద పడతాయి. పండిన చేను ఎక్కువ రోజులు ఆగదు, గింజ రాలిపోతుంది. పైగా అది తుపాన్ల కాలం. ఊళ్లో ఉన్న చేతులు చాలవు. ఆ నెలా నెలన్నర కోసం ఎక్కడినుంచో మనుషులు రావాలి, పని కాగానే వెళ్లిపోవాలి.

అదే కాలంలో పైన ఏం జరిగిందో కూడా చూడాలి. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలో కలిపారు. పోడు మీద శిస్తు పెరిగింది. 1879 రంప తిరుగుబాటు రేకపల్లికి పాకడానికి అదొక కారణం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి గీతలు పడ్డచోటల్లా పోడు కుంచించుకుపోయింది. ఆనకట్ట కథ పిల్లల పాఠాల్లో ఉంది, కాటన్ దొర విగ్రహాలు డెల్టాలో చాలా ఊళ్లలో ఉన్నాయి. అడవి గీతల కథను దాని పక్కన పెట్టి చదివితే తప్ప మన తాతలు కొడవలి పట్టుకుని కొండ ఎందుకు దిగారో అర్థం కాదు.

బయలుదేరే ముందు ఒక చిక్కు ఉండేది. కొత్తల పండగ చేయనిదే కొత్త గింజ నోట పెట్టకూడదు. దిగువకు పోతే రైతు పెట్టేది కొత్త బియ్యమే. అందుకని పండగ కాకుండా ఎవరూ కదిలేవారు కాదు. పండగ రోజును పూజారి, పెద్దలు కూర్చుని ఖాయం చేయాలి. బయానా ముట్టిన ఏడు మాత్రం మేస్త్రి తొందరపెట్టేవాడు, పండగ నాలుగు రోజులు ముందుకు జరిగేది. "దేవుడి రోజును కూడా వాడే చెప్పాడు" అని మా నాయనమ్మ చనిపోయేదాకా అంటుండేది. ఆమెకు కూలి తక్కువైందన్న బాధకంటే ఇదే పెద్దది.

పండగైన మర్నాడు కొడవళ్లకు కక్కు పెట్టించేవారు. చంకలో పిల్ల, నెత్తిన సట్టి, చాప, నాలుగు రోజులకు సరిపడా జొన్నలు. కూనవరం దాకా నడక, అక్కణ్ణించి లాంచీలో పాపికొండల మీదుగా రాజమండ్రి. ఆపైన మేస్త్రి ఏ ఊరంటే ఆ ఊరు. కళ్లం పక్కనే తాటాకు గుడిసెలు. కోసి పనలు వేయడం, ఆరాక కట్టలు కట్టి కుప్ప వేయడం, నూర్చడం, తూర్పారబట్టడం అంతా గుత్త. కూలి ధాన్యమే. కొలిచే కుంచం రైతుది, లెక్క మేస్త్రిది. సంక్రాంతికి ఇల్లు చేరేసరికి బయానా పోను మిగిలింది ఒక్కోసారి మోయడానికి బరువే కాదు.

1976 వెట్టిచాకిరి రద్దు చట్టంలో భాగేలా, జీతం, పాలేరు, వెట్టి అన్న పేర్లు అక్షరాలా ఉన్నాయి. అడ్వాన్సు పేరుతో కనీస కూలి ఇవ్వకుండా చేయించినా, మరోచోటికి పోయే స్వేచ్ఛ లాగేసినా అది వెట్టే. 1979లో వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు, కూలీకి ఫొటోతో పాసుపుస్తకం, దారిఖర్చులు, నెల కూలిలో సగం తిరిగి కట్టనక్కర్లేని భత్యం ఇవ్వాలంది. కానీ అది రాష్ట్రం దాటినవాళ్లకే. చర్ల, దుమ్ముగూడెం నుంచి డెల్టాకు పోయేవాళ్లు అప్పుడు ఒకే రాష్ట్రంలో ఉన్నారు కనుక అందులోకి రాలేదు. 2014 జూన్ 2న అదే దారి రెండు రాష్ట్రాల దారి అయింది. చట్టం వర్తించే రోజు వచ్చిందని ఏ మేస్త్రీ మాకు చెప్పలేదు. 2020 కోడ్‌లో ఐదుగురు కూలీలన్న లెక్కను పదికి పెంచి, ఆ భత్యాన్ని తీసేశారు.

ఈలోగా కోత మిషన్లు వచ్చాయి. తడి మడుల్లోనూ దిగే చైన్ మిషన్ పగలూ రాత్రీ నడుస్తుంది. పాతికమంది రోజంతా కోసే చేనును గంటల్లో ముగిస్తుంది. అవి కూడా ఊరూరా తిరిగే ముఠాలే. లారీ మీద మిషను, ఒక డ్రైవరు, ఒక హెల్పరు, గంటకింత అని బేరం చేసే ఏజెంటు. పంట ముందుగా పండే చోట మొదలుపెట్టి పంట వెంట పోతారు. పోయిన ఏడు మా గూడెం కుర్రాడొకడు హెల్పరుగా కుదిరాడు. ఇంటర్ చదివినవాడు. ఎప్పుడు వెళ్లావురా అంటే, "దసరా అయ్యాక" అన్నాడు. డబ్బెప్పుడు తీసుకున్నావంటే కాసేపు నేల చూసి, "ఆగస్టులో" అన్నాడు.

కొడవళ్లు చూరుల్లోనే ఉన్నాయి. తుపానుకు చేను పడిపోయి నీళ్లలో నానితే మిషను సరిగా ఎత్తలేదు. అలాంటి ఏడు పాత మేస్త్రి కొడుకు ఫోను చేస్తాడు. అప్పుడు మా బడిలో హాజరు సగానికి పడుతుంది. మాస్టారు కారణం అడిగితే పిల్లలు "ఊరికి పోయారు" అంటారు. ఏ ఊరికో వాళ్లకూ తెలియదు.