కణకవచం, మామిడి మగ్గుదల

మొక్క కణం చుట్టూ ఉండే గట్టి పొరను కణకవచం లేదా కణగోడ అంటారు. ఒక కణాన్ని పక్క కణానికి అతికించి ఉంచేది పెక్టిన్‌తో నిండిన మధ్యపటలిక. జంతు కణాల చుట్టూ కొల్లాజెన్, ఫైబ్రొనెక్టిన్ వంటి ప్రొటీన్లతో అల్లుకున్న మాత్రిక చేసే పనిని మొక్కల్లో చాలావరకు ఈ రెండే చేస్తాయి. కణం బతుకూ చావూ తన చుట్టూ ఉన్న ఈ పదార్థంతో ముడిపడి ఉన్నాయని శాస్త్రం గ్రహించడానికి చాలా కాలం పట్టింది. నూజివీడు మామిడి తోటల్లో మాత్రం ఆ పదార్థం చేసే పని ఏటా వేసవిలో చేతికి తగులుతూనే ఉంది.

2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లాలో ఉండి, అప్పుడు ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు ప్రాంతం రసాలకు, బంగినపల్లికి పేరుపడింది. చిక్కంతో దించిన చిన్నరసం కాయ గోటికి లొంగదు. వరిగడ్డిలో మాగేస్తే కొద్ది రోజులకు బొటనవేలి కింద మెత్తబడుతుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి పిసికితే తొక్క చిరగకుండానే కండంతా రసమవుతుంది. ముచ్చిక దగ్గర కొరికి జుర్రుకున్నాక పీచు, టెంక మిగులుతాయి. పీచులో సెల్యులోజ్, లిగ్నిన్ ఎక్కువ కాబట్టి అది కరగదు. బంగినపల్లిలో పీచు బాగా తక్కువ కనుక పండును కత్తితో ముక్కలు కోసి తింటారు. తినే తీరు వేరైనా లోపల జరిగిన పని ఒకటే. కణాల మధ్య పెక్టిన్ కరిగి, వాటి పట్టు సడలింది.

1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చూసినవి చచ్చిన కణాల ఖాళీ గోడలు. తర్వాత చూపంతా లోపలి జీవపదార్థం వైపు మళ్లింది. కవచాన్ని నిర్జీవమైన పెట్టెగా జమకట్టారు. అయినా రసాయన శాస్త్రవేత్తలు దాన్ని వదల్లేదు. ఫ్రాన్స్‌లో హెన్రీ బ్రకోనో 1825లో పెక్టిన్ పదార్థాలను, ఆన్సెల్మ్ పాయెన్ 1838లో సెల్యులోజ్‌ను వివరించారు. 1890లలో లూయీ మాంజాన్ రుథేనియం ఎరుపు రంగుతో పెక్టిన్ ఎక్కడుందో సూక్ష్మదర్శిని కింద చూపాడు. పెక్టిన్ గొలుసులను కాల్షియం ఎలా కలిపి పట్టి ఉంచుతుందో వివరించే నమూనా 1973లో వచ్చింది.

కవచం ప్రాణానికి ఎంత అవసరమో తేల్చింది 1960 నాటి ప్రయోగం. ఎడ్వర్డ్ కాకింగ్ శిలీంధ్రాల ఎంజైమ్‌తో టమోటా వేరు కణాల గోడలను కరిగించాడు. అలా గోడ పోయిన కణం మామూలు నీటిలో ఉబ్బి పగిలిపోతుంది. లోపలి ఒత్తిడిని అంతవరకూ ఆపింది కవచమే. 1970లో నగటా, టకెబె పొగాకు ఆకు కణాలను సరిపడా గాఢత ఉన్న ద్రావణంలో బతికించారు. ఆ కణాలు ముందు కొత్త గోడ కట్టుకున్నాయి, ఆ తర్వాతే విభజన చెందాయి. మరుసటి ఏడాది అటువంటి కణాల నుంచి పూర్తి మొక్కలే మొలిచాయి. ఈ చరిత్రలో ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం మరొకటి లేదని చెప్పవచ్చు.

జంతు కణాల కథ వేరే దారిలో నడిచింది. కెర్, విల్లీ, కర్రీ 1972లో అపోప్టోసిస్ అనే క్రమబద్ధమైన కణమరణాన్ని వర్ణించారు. 1993, 1994 సంవత్సరాల్లో రెండు బృందాలు మాత్రిక నుంచి ఊడిన కణాలు అదే దారిన చస్తాయని చూపాయి. ఈ చావుకు అనోయికిస్ అని పేరు పెట్టినవారు ఫ్రిష్, ఫ్రాన్సిస్. క్యాన్సర్ కణం ఈ చావును తప్పించుకోగలదు కాబట్టే పుట్టినచోటు వదిలి మరో అవయవంలో స్థిరపడగలుగుతుంది. 1997లో చెన్, ఇంగ్‌బర్ బృందం ఇంకో అడుగు వేసింది. ఫైబ్రొనెక్టిన్ పూసిన చిన్న మచ్చల మీద ఉంచిన కణాల్లో, పరుచుకోవడానికి చోటు దొరికినవి బతికాయి, ఇరుకున పడ్డవి చచ్చాయి.

జంతు కణాలను మాత్రికకు పట్టి ఉంచే ఇంటెగ్రిన్ ప్రొటీన్లు మొక్కలకు లేవు. కానీ గోడ క్షేమంగా ఉందో లేదో పసిగట్టే ప్రొటీన్లు ఉన్నాయి. 1996లో వెలుగులోకి వచ్చిన వాక్ ప్రొటీన్లు పెక్టిన్‌ను పట్టుకుని ఉంటాయి. ఫెరోనియా అనే మరో ప్రొటీన్ లేకపోతే ఉప్పునేలలో వేరు కణాలు పగిలిపోతాయని 2018లో తేలింది. తెగిన పెక్టిన్ ముక్కలు మొక్కకు శత్రువు వచ్చాడన్న కబురు చేరవేస్తాయని ఆల్బర్‌షైమ్ బృందం అంతకుముందే, 1980లలో చూపింది. మామిడి రైతుకు ఆ శత్రువు బాగా తెలుసు. మచ్చతెగులు శిలీంధ్రం పిందె దశలోనే తొక్కలో చేరి మాటువేస్తుంది. కాయ మగ్గేటప్పుడు తొక్కలోని రక్షక రసాయనాలు తగ్గగానే పెక్టిన్‌ను కరిగించే ఎంజైమ్‌లు వదులుతుంది. నిన్న నిగనిగలాడిన పండు మీద ఇవాళ నల్లమచ్చలు తేలడానికి కారణం అదే.

మగ్గడం కుళ్లడం కాదు. ప్రొటీన్ల తయారీని అడ్డుకుంటే బేరిపండు మగ్గదని 1968లో రుజువైంది. అంటే బతికున్న కణాలే తమ గోడలను విప్పుకుంటున్నాయి. పండే ఆపిల్ ఎథిలీన్ వాయువును విడుదల చేస్తుందని గేన్ 1934లో చూపాడు. మామిడిలోనూ మగ్గుదలను నడిపేది ఆ వాయువే. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్ఐ పరిశోధకులు ఆల్ఫోన్సో రకంలో, లక్నోలోని వృక్ష పరిశోధన సంస్థ ఎన్‌బీఆర్ఐ పరిశోధకులు దసేరీ రకంలో పెక్టిన్‌ను కరిగించే ఎంజైమ్‌లను పరిశీలించారు. అమెరికాలో 1994లో అమ్మకానికి వచ్చిన ఫ్లేవర్ సేవర్ టమోటాలో అటువంటి ఎంజైమ్ ఒకదాన్ని అణచినా పండు మెత్తబడటం పూర్తిగా ఆగలేదు. మరో ఎంజైమ్, పెక్టేట్ లయేజ్‌ను అణచాక టమోటా గట్టిగా నిలిచిందని 2016లో తేలింది. మామిడి చెట్టు కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది కాబట్టి ఇలాంటి పని దానిలో చాలా నెమ్మది.

ఈ జ్ఞానాన్ని పక్కన పెట్టి కాయల మధ్య కాల్షియం కార్బైడ్ పొట్లాలు పెట్టడం తప్పు. తేమ తగిలి వెలువడే ఎసిటిలీన్ లేతకాయ తొక్కను పసుపుపచ్చగా మారుస్తుంది కానీ లోపలి కండను సరిగా పండించదు. పైగా కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలు ఉంటాయి. దాని వాడకం మీద ఉన్న నిషేధాన్ని 2011 ఆహార భద్రత నిబంధనలు కొనసాగించాయి. 2016లో ఎథిలీన్‌ను 100 పీపీఎం దాకా వాడుకోవడానికి అనుమతి వచ్చింది. మగ్గుదలను ఆపడానికి చలిని నమ్ముకుంటే దానికీ హద్దుంది. సుమారు 12 డిగ్రీల సెల్సియస్ కన్నా దిగువన ఎక్కువ రోజులు ఉంచిన మామిడి తొక్క గుంటలు పడి నల్లబడుతుంది, బయటికి తీశాక సరిగా మగ్గదు. అందుకే దూరపు మార్కెట్లకు వెళ్లే బంగినపల్లిని పండిన తర్వాత కాకుండా, బాగా ముదిరి ఇంకా గట్టిగా ఉన్నప్పుడే కోస్తారు.